తూకం సారు బుధవారాలు

పెళ్ళయి ముప్ఫయ్యేళ్ళు దాటిన మగవాడు ప్రతి బుధవారం మధ్యాహ్నం ఇంట్లో ఒక అబద్ధం, ఆఫీసులో ఇంకో అబద్ధం చెప్పి రెండు మూడు గంటలు మాయమైపోతే లోకం ఏమనుకుంటుంది? మీరిప్పుడు ఏమనుకుంటున్నారో అదే అనుకుంటుంది. తూకం సారు విషయంలో లోకం పప్పులో కాలేసింది. ఆయన వెళ్ళేది సినిమాకి. అదీ ఎలాంటి సినిమాకి! చెప్పడానికి నాకే నామోషీగా ఉంది.

ముందు మనిషి సంగతి చెబుతాను. తూనికలు కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. బజార్లో ఏ కొట్లో త్రాసు ముల్లు అటూ ఇటూ వాలినా ఆయన వెళ్ళి దాని నోరు కట్టి సీలు వేసి వచ్చేవాడు. ఆఫీసులో అద్దాల పెట్టెలో ఒక త్రాసు ఉండేది. దాని ముందు గట్టిగా ఊపిరి వదిలినా ఒప్పుకునేవాడు కాదు. ఇత్తడి తూకపురాళ్ళని వెల్వెట్ పెట్టెలోంచి పట్టకారుతో తీసేవాడు తప్ప చేత్తో ముట్టేవాడు కాదు, వేలి జిడ్డు అంటితే బరువు మారిపోతుందట. ఉత్త నిక్కచ్చి మనిషి. నవ్వగా చూసినవాళ్ళు లేరు. అందుకే ఊరంతా తూకం సారు అనే పేరు ఖాయం చేసింది, అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆయన భార్య బళ్ళో ఎనిమిదో తరగతికి భూగోళం చెప్పేది. ఆయన నోట్లోంచి ఒక మాట ఊడిపడేలోపు ఆవిడ వంద మాటలు చెప్పేసేది. పొద్దున్నే పాలు పొంగేటప్పుడు మొదలెడితే రాత్రి దీపం ఆర్పాక కూడా చీకట్లో ఇంకో నాలుగు మాటలు వినపడేవి. తలుపు చప్పుడైతే చాలు, వంటింట్లోంచే "ఎవరూ?" అని వీధి చివరికి వినపడేలా కేకేసేది. ఆయన్ని చూసి ఆవిడకి గర్వం. "మా ఆయనకి పిచ్చి సరదాలేం లేవమ్మా" అని అందరికీ చెప్పుకునేది.

ఆ గర్వమే ఆయన కొంప ముంచింది.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఒకసారి ఏదో సినిమాకని వెళ్ళి, టికెట్లు దొరక్క పక్క హాల్లో దూరారు. అక్కడ ఏజెంట్ తొంభై సినిమా ఆడుతోంది. ఆకాశంలో హెలికాప్టర్ ఎగురుతోంది, పైనుంచి దారం కనపడుతోంది. విలన్ రహస్య స్థావరమంటూ చూపించిన గదిలో గోడ నిండా గ్యాసు పొయ్యి మరలు. బాంబు అంటే టేబుల్ మీద అలారం గడియారం. ఇంటర్వెల్లో ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"ఏమండీ, ఇలాంటివి కూర్చుని చూసేవాళ్ళకి బుర్రలో ఏముంటుందంటారు?"

"ఏముంటుంది, గడ్డి" అన్నాడాయన, అనేసి లేచాడు. ఆవిడ మురిసిపోయింది. ఆ కథ చుట్టాలందరికీ చెప్పింది, "బొమ్మ హెలికాప్టర్ చూడగానే మా ఆయన లేచి వచ్చేశారు" అని. పాతికేళ్ళ తర్వాత కూడా చెబుతూనే ఉంది. పాపం, ఆ రోజు ఆయన ప్రాణం ఆ హాల్లోనే ఉండిపోయిందని ఆవిడకేం తెలుసు? ఆ అలారం గడియారం మోగిందో లేదో తెలుసుకోవడానికి మర్నాడే పర్మిషన్ పెట్టి ఒక్కడే వెళ్ళి మిగతా సగం చూసి వచ్చాడు.

ఎందుకంత పిచ్చి అంటే, నాకు తోచింది చెబుతాను. వారమంతా ఆయన పని వీసమెత్తు తేడా పట్టుకోవడం. ఏజెంట్ తొంభై మాత్రం పెట్టె నిండా బంగారు కడ్డీలు వేసుకుని ఒంటి వేలితో ఊపుకుంటూ మేడ మెట్లు ఎక్కేస్తాడు. ఆ పెట్టె ఏడువందల డెబ్భై కిలోలుంటుందని తూకం సారుకి తెలుసు. తెలిసి కూడా చీకట్లో కూర్చుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వేవాడు. ఇనప్పెట్టె మేడ మీంచి పడి బంతిలా ఎగిరేది. మొదటి రీలులో చచ్చిన రౌడీ మూడో రీలులో కొత్త మీసం పెట్టుకుని మళ్ళీ చచ్చేవాడు. ఉన్న ఒక్క కారుకే రంగు మార్చి మూడు దేశాల్లో తిప్పేవారు. ప్రతి సినిమాలోనూ ఆకుపచ్చ కోటు వేసుకున్న ఒకమ్మాయి, కనుబొమ మీద పుట్టుమచ్చతో, ఏజెంటుని మోసం చేసి చివర్లో కన్నీళ్ళు పెట్టుకునేది. ఆ రెండున్నర గంటలూ దేనికీ బరువుండేది కాదు. ఆయనకి కావలసింది అదే.

ఊరి చివర పాత హాలొకటి బుధవారం మ్యాట్నీకి ఈ సినిమాలే తిప్పి తిప్పి వేస్తుందని తెలిశాక ఇక ఆయన ఆగలేదు. పదకొండేళ్ళు. భార్యకి మాత్రం చెప్పలేకపోయాడు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

సరే, దాచాడు. దాచేవాడు మామూలుగా దాచుకోవచ్చు కదా! అబ్బే, ఏజెంట్ తొంభైకి శిష్యుడాయె. ఇంట్లో "బుధవారం లెక్కల తనిఖీ, మధ్యాహ్నం ఫోను చెయ్యకు" అన్నాడు. ఆఫీసులో గొంతు తగ్గించి "ఒకరిని కలవాలి" అన్నాడు, ఎవరినని అడిగితే కిటికీలోంచి బయటికి చూశాడు. ఫోను వెంట ఉంటే ఆచూకీ దొరుకుతుందని బల్ల సొరుగులో పడేసి వెళ్ళేవాడు. హాలుకి రెండు స్టాపుల ముందే బస్సు దిగి, మెడకి మఫ్లరు, నెత్తికి టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, కుడికాలు ఈడుస్తూ దగ్గుకుంటూ నడిచేవాడు. సినిమా అయ్యాక టికెట్టుని ఎనిమిది ముక్కలు చేసి నాలుగు చెత్తబుట్టల్లో వేసేవాడు. నవ్వకండి. ఆ కాలు ఈడవడంలో ఉన్న ఆనందం సినిమాలో ఉన్నదానికి ఏమీ తీసిపోయేది కాదట, తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

ఆ బుధవారం సరిగ్గా రెండు గంటలకి సొరుగులో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. మళ్ళీ మోగింది. జూనియర్ అసిస్టెంటుకి ఒళ్ళు మండి సొరుగు తీసి ఎత్తాడు. వాడు మంచివాడే, కడుపులో మాట దాచుకోవడం చేతకాని రకం.

నాలుగున్నరకి తూకం సారు తిరిగి రాగానే వాడు ఎదురొచ్చాడు.

"సార్, రెండింటికి అమ్మగారు ఫోన్ చేశారు. తల తిరుగుతోంది, చెయ్యి తిమ్మిరెక్కుతోంది, ఒకసారి రమ్మని చెప్పమన్నారు. సారు లేరమ్మా, బుధవారాలు ఎవరినో కలవడానికి వెళ్తారు కదా అన్నాను."

తూకం సారు వాణ్ణి పక్కకి లాగాడు. "ఏమంది?"

"'ఎవరు?' అన్నారు సార్. నాకు తెలీదమ్మా, పదేళ్ళ నించీ వెళ్తున్నారంటారు అన్నాను. మళ్ళీ 'ఎవరు, ఎవరు?' అన్నారు. ఇంతలో ఏదో చప్పుడైంది. కోపంగా పెట్టేశారేమో అనుకున్నా."

ఇక్కడ నాకు ఆ మనిషిని నిలబెట్టి నాలుగు దులపాలనిపిస్తుంది. తల తిరుగుతోందంటే, చెయ్యి తిమ్మిరంటే, చప్పుడైందంటే, ఏ మొగుడైనా ఏం చేస్తాడు? పరిగెడతాడు. ఈయన చెవికి ఆ మూడూ ఎక్కలేదు. ఒక్కటే ఎక్కింది, గుట్టు రట్టయిందని. తిరిగి ఫోను చేస్తే అడుగుతుంది, చెప్పడానికి కథ సిద్ధంగా లేదు. దొరికిపోయినప్పుడు తొందరపడితే తప్పు ఒప్పుకున్నట్టేనని ఏజెంట్ తొంభై ప్రతి సినిమాలోనూ చెబుతాడు. కాబట్టి ఆరింటిదాకా కుర్చీలోనే కూర్చున్నాడు. పెద్దాఫీసు నుంచి వచ్చే అధికారి ఒకాయన్ని కల్పించాడు, ఆయనకో ఊరు, ఓ మోకాలి నొప్పి కూడా కల్పించాడు. కథ ఇంకా కుదరక ఇంటికి ఒక స్టాపు ముందే దిగి నడిచాడు. ఆరూ యాభైకి తలుపు తీశాడు.

ఆవిడ వంటింట్లో నేల మీద ఉంది. చేతి పక్కన ఫోను. కళ్ళు తెరిచే ఉన్నాయి. మూతి ఒక పక్కకి లాగేసింది. ఆయన్ని చూసి చాలా కష్టపడి నోరు విప్పింది.

"ఎవరు?"

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు గడియారం చూసి, ఎన్నింటికి పడిపోయారని అడిగాడు. రెండింటికి అని చెప్పాడు తూకం సారు. "నాలుగున్నర గంటల్లోపు తెస్తే ఒక ఇంజెక్షను ఉందండీ. ఆరున్నర దాటేసింది" అన్నాడు డాక్టరు. లెక్క ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, జన్మంతా చేసిన పనే అది. నాలుగున్నరకి బయల్దేరి ఉంటే అయిదుంపావుకల్లా ఇల్లు, ఆరు లోపు ఆసుపత్రి. అరగంట మిగిలేది కూడా.

మూడు వారాలకి ఆవిడ ఇంటికొచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. అంత మాటకారికి ఒక్క మాట మిగిలింది. నీళ్ళు కావాలన్నా 'ఎవరు', దుప్పటి తియ్యమన్నా 'ఎవరు'. మొదట్లో కూతుర్ని చూసి ఎవరు అంటే, ఆ పిల్ల వరండాలోకి పోయి ఏడ్చింది. నాలుగు వీధుల అవతల మందుల షాపు నడుపుతుంది కూతురు, రోజూ షాపు మూసి వచ్చి తల్లికి తల దువ్వి వెళ్ళేది.

వారానికి రెండుసార్లు మాటలు నేర్పడానికి ఒక డాక్టరమ్మ వచ్చేది. "అమ్మగారికి అందరూ తెలుసు, అన్నీ అర్థమవుతున్నాయి. ఆ ఒక్క మాటే నోటికి చిక్కింది. దాన్ని పోనివ్వకండి. దాన్ని పట్టుకునే మిగతా మాటలు లాక్కురావాలి" అని చెప్పింది. చెబుతూ చెబుతూ "ఎంత బాగా పలుకుతున్నారో చూడండి" అని ఆవిడ బుగ్గ నిమిరింది.

అయితే తూకం సారుకి తేడా తెలుసు. దుప్పటికి అనే ఎవరు వేరు, ఆయనకి అనే ఎవరు వేరు. రోజూ పొద్దున్న ఆయన ఒళ్ళు తుడిచి పక్క సర్దుతుంటే, ఆవిడ ఎడం చేత్తో ఆయన చొక్కా బొత్తాం పట్టుకునేది. దగ్గరికి లాక్కుని, కళ్ళల్లోకి చూసి, మెల్లగా అడిగేది. అప్పుడు మూతి వంకర కూడా కాస్త సర్దుకునేది.

నాలుగోనాడు ఆయన ఇక తట్టుకోలేక చెప్పేశాడు. మంచం పక్కన నేల మీద కూర్చుని, మొదటి అర సినిమా నించి పదకొండేళ్ళ మఫ్లరు దాకా అంతా చెప్పాడు. "సినిమాకే. నీ మీద ఒట్టు. ఏజెంట్ తొంభై. బొమ్మ హెలికాప్టరు, గుర్తుందా?"

ఆవిడ విన్నది. విని, ముఖం కాస్త పక్కకి తిప్పుకుంది. ఆ చూపు ఆయనకి తెలుసు. కాపీ కొట్టిన పిల్లలు చెప్పే సాకులు ఇంటికొచ్చి చెప్పేటప్పుడు ఆవిడ అలాగే చూసేది. బొమ్మ హెలికాప్టరు చూసి లేచి వచ్చేసిన మొగుడు ఆయన. ముప్ఫయ్యేళ్ళుగా లోకమంతటికీ ఆవిడే చెప్పింది. చెవిలో పువ్వు పెట్టడానికి ఇంతకంటే మంచిది దొరకలేదా అన్నట్టు ఊపిరి వదిలి, మళ్ళీ బొత్తాం పట్టుకుంది.

"ఎవరు?"

రుజువు కావాలి. రుజువుకోసం ఆ మనిషి ఇల్లంతా తిరగేశాడు. ఒక్క టికెట్టు ముక్క దొరకదే! ఎనిమిదేసి ముక్కలు, నాలుగు బుట్టలు, పదకొండేళ్ళు. ఎంత బాగా చింపాడో అంత బాగా పోయాయి. అప్పుడు టికెట్ల కౌంటరాయన గుర్తొచ్చి హాలుకి పరిగెత్తాడు.

"నన్ను గుర్తుపట్టారా?"

కౌంటరాయన కిటికీలోంచి తొంగి చూశాడు. "తూకం సారు కదూ! ఓసారి మా క్యాంటీన్ త్రాసుకి సీలు వేసి పోయారు. ఇప్పుడేం తప్పొచ్చిందండీ?"

"అది కాదు. నేను ప్రతి బుధవారం మీ దగ్గర టికెట్టు కొన్నాను."

"మీరా? ఊరుకోండి సార్, మీరెందుకొస్తారు?"

ఆయన సంచీలోంచి మఫ్లరు తీసి చుట్టుకున్నాడు, టోపీ పెట్టాడు, నల్లద్దాలు పెట్టాడు, రెండుసార్లు దగ్గాడు. కౌంటరాయన కళ్ళు పెద్దవి చేశాడు. "ఓరి దేవుడా, దగ్గాయన! ఆయనకి మీరేమవుతారు? ఆయన కుంటాడు కదా పాపం."

తూకం సారు ఆ వసారాలో, మిట్టమధ్యాహ్నం, కుడికాలు ఈడుస్తూ గోడదాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. కౌంటరాయన చూసి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇలా ఎవరైనా కుంటగలరు సార్. ఆయన నడక వేరు. మీరేదో కేసు పెట్టడానికొచ్చారు, నేను సంతకాలూ సాక్ష్యాలూ ఇచ్చేవాణ్ణి కాదు." కిటికీ మూసేశాడు. లోపల్నించి సినిమా తుపాకుల మోత వినపడుతోంది, అది కూడా నోటితో చేసిన మోతే. ఆయన మఫ్లరు విప్పి సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు.

మిగిలింది ఒకటే. పాత డిస్కుల కొట్లో ఏజెంట్ తొంభై సినిమా వెతికి పట్టుకొచ్చి, ఆవిడని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి, టీవీలో వేశాడు. తనకి ఇదంటే ఎంత ప్రాణమో ఆవిడే కళ్ళారా చూస్తే నమ్ముతుందని ఆశ. హెలికాప్టరు వచ్చింది, దారం కనపడింది. బంగారు పెట్టె వచ్చింది. ఒంటి వేలితో ఊపుకుంటూ ఏజెంటు మెట్లెక్కాడు. ఆవిడ తెర చూడటం లేదు, ఆయన్ని చూస్తోంది. నవ్వాలి. ఒక్కసారి, చీకట్లో నవ్వినట్టు, కడుపు పట్టుకుని నవ్వితే చాలు. ఏడువందల డెబ్భై కిలోలు, ఏడువందల డెబ్భై కిలోలు అని మనసులో అనుకున్నాడు. మూతి లాగి పళ్ళు బయటపెట్టాడు. అది చూసి పసిపిల్లాడు కూడా నవ్వనుకోడు. ఆ పెట్టె అంత బరువుగా ఆయనకి ఎన్నడూ కనపడలేదు. ఆవిడ దిండు మీద తల వాల్చేసి కళ్ళు మూసుకుంది. ఆయన టీవీ కట్టేశాడు.

బుధవారాల సంగతి జూనియర్ అసిస్టెంటు నోటే విన్న కూతురు ఆ సాయంత్రం ఆయన్ని వంటింట్లో నిలబెట్టి అడిగింది.

"నాన్నా, ఇంకా ఆ సినిమా కథేనా? నీకసలు సిగ్గనిపించట్లేదా?"

"నిజంగా సినిమాకే అమ్మా."

"నీకు దణ్ణం పెడతాను, చెప్పెయ్. నేను నిన్నేం అనను. తప్పు చేశావు, అయిపోయింది. అమ్మకి రాత్రిళ్ళు నిద్ర లేదు, బీపీ దిగట్లేదు. ఇంకోసారి వస్తే మనిషి దక్కదన్నారు. ఎవరో ఒకరి పేరు చెబితే ఒక రోజు ఏడుస్తుంది, తర్వాత ఊరుకుంటుంది. ఆ అడగడమే అమ్మని తినేస్తోంది నాన్నా." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నీ పరువు ముఖ్యమా, అమ్మ ముఖ్యమా?"

ఆయన రాత్రంతా ఆలోచించాడు. నిజం చెబితే దానికి తూకం లేదు. అబద్ధం చెబితే ఆవిడ నిద్రపోతుంది. జన్మలో ఒక్క గ్రాము తప్పు తూచనివాడు పొద్దున్నే లేచి ఆవిడ మంచం మీద కూర్చున్నాడు. ఆవిడ అలవాటుగా బొత్తాం పట్టుకుంది.

"ఎవరు?"

"ఒకావిడ" అన్నాడు.

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. ఎలా ఉంటుందో చెప్పాలి కదా. ముప్ఫయ్యేళ్ళలో పరాయి ఆడమనిషి ముఖం తేరిపార చూసినవాడైతే గదా, చెప్పడానికి! కళ్ళ ముందు మెదిలిన ఒకే ఒక్కదాన్ని చెప్పాడు.

"ఆకుపచ్చ కోటు వేసుకునేది. ఇదుగో, ఇక్కడ, కనుబొమ మీద పుట్టుమచ్చ. నన్ను చాలాసార్లు మోసం చేసింది. చివర్లో ఏడ్చేది. ఇప్పుడు లేదు. ఊరొదిలి వెళ్ళిపోయింది."

ఆవిడ ఆ మాటలన్నీ ఒక్కొక్కటే లోపలికి తీసుకుంది. ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు. ఎడం చెయ్యి ఎత్తి కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ బొత్తాం వదిలేసింది. వేళ్ళతో అక్కడ నలిగిన చొక్కా గుడ్డని సరిచేసింది. గోడవైపు తిరిగింది.

ఆ రాత్రి ఆవిడ నిద్రపోయింది. బీపీ దిగింది. కూతురు తండ్రి భుజం మీద చెయ్యి వేసి "మంచి పని చేశావు నాన్నా" అంది, కాని ఆయన ముఖం చూడలేదు.

గురువారం మాటల డాక్టరమ్మ వచ్చింది. బొమ్మల కార్డులు పరిచింది. కప్పు చూపించింది, గొడుగు చూపించింది, కుర్చీ చూపించింది. ఆవిడ చూసింది, పెదాలు కదల్లేదు. డాక్టరమ్మ మొదట నవ్వుతూనే "ఏంటమ్మగారూ, ఇవాళ నా మీద అలకా? ఎవరు అనండి, ఎవరు?" అంది. అరగంట తర్వాత ఆ నవ్వు పోయింది. మరో రెండు వారాలు చూసింది. వెళ్ళే రోజు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నెమ్మదిగా అడిగింది.

"ఏమైంది సార్? ఆ ఒక్క మాటా ఉండేది. దాన్ని వదిలేశారెందుకు?"

తూకం సారు ఏమని చెబుతాడు? భార్య ప్రాణమంతా పోగేసి అడిగింది ఆ ఒక్కటే. ఈయన జవాబిచ్చేశాడు. ఇక ఆ మాటతో ఆవిడకి పనేముంది?

ఆ రోజే ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తుకున్నాడు. "అబద్ధం చెప్పానే. ఎవరూ లేరు. కోటూ లేదు, పుట్టుమచ్చా లేదు. సినిమాలో అమ్మాయి. ఒట్టు, అడుగు, మళ్ళీ అడుగు, ఒక్కసారి అడుగు." ఆవిడ ఆయన తల మీంచి కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. కోపమైనా లేదు ఆ చూపులో. రోజూ చెబుతూనే ఉన్నాడు. ఆవిడ మంచినీళ్ళకి కూడా గ్లాసు మీద గోటితో కొడుతుంది తప్ప నోరు మెదపదు.

నిన్న బుధవారం. మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. ఆయన ఆవిడకి గంజి తాగిస్తున్నాడు. లేవలేదు. చెంచా గిన్నెలో పెట్టేసి, ఆవిడ పెదాలనే చూస్తూ కూర్చున్నాడు. తలుపు మళ్ళీ కొట్టారు, మూడోసారి కూడా కొట్టారు. చివరికి ఆయనే, ఆవిడకి వినపడాలని, వీధి చివరిదాకా వెళ్ళేంత గట్టిగా కేకేశాడు.

"ఎవరూ?"

పాలవాడు జవాబు చెప్పాడు. ఆవిడ నోరు తెరిచింది, చెంచా కోసం.